మూడుసార్లు కాలేయం

అమ్మాయిల హాస్టలు, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
పరీక్షలకు పదకొండు వారాలు

లిఫ్టు మావయ్యకు,

నీ మేనకోడలు పిచ్చుక నమస్కరించి రాస్తున్నది. ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. పరీక్షలు అయ్యేదాకా మా వార్డెనమ్మ అందరి ఫోన్లూ పుచ్చుకుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. "మీ అమ్మానాన్నలు ఫోన్లు ఉండే చదువుకున్నారా? మీకేం రోగం?" అంది. ఆ తాళంచెవి ఆవిడ మెడలోనే ఉంటుంది, స్నానానికి వెళ్ళినా తీయదు.

నీకూ పరీక్ష వచ్చిపడిందని అమ్మ రాసింది. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషిని ఇప్పుడు బల్ల ముందు కూర్చోబెట్టి రాతపరీక్ష పెట్టడం ఏమిటి? పాసవకపోతే ఇక లిఫ్టు మీద చెయ్యి వేయనివ్వరట కదా. నువ్వేం బెంగపెట్టుకోకు. మందుల చదువు రెండో ఏడు వెలగబెడుతున్న మేనకోడలు ఉండగా నీకేం భయం?

నోట్సు రాయడం ఒక విద్య మావయ్యా. ముందు పాఠం ఒకసారి చదువు. తర్వాత పుస్తకం మూసెయ్. గుర్తున్నంత నీ మాటల్లో రాయి. ఉన్నది ఉన్నట్టు దించితే అది నోట్సు కాదు, నకలు. పక్కన నాలుగు వేళ్ళ మార్జిను వదిలి అక్కడ ప్రశ్నలు రాసుకో. మర్నాడు జవాబులు చేత్తో మూసేసి, ప్రశ్నలు చూసి పైకి చెప్పుకో. ఇక రంగులు: నేను ఆరు వాడతాను. నమూనాగా నా నోట్సులో ఒక పేజీ పంపుతున్నాను, కాలేయం మీద. అక్షరాలు చూసి అసూయపడకు. ముత్యాల్లా ఉంటాయని అమ్మ వీధి వీధంతా చెప్పుకుంటుందిగా.

పిచ్చుక


లిఫ్టు మోటారు గది, పద్నాలుగు అంతస్తుల మేడ నెత్తిన
పది వారాలు

చిరంజీవి పిచ్చుకను ఆశీర్వదించి మావయ్య రాయునది. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. ఉభయ కుశలోపరి. ఈ ముక్క మా నాన్న ప్రతి ఉత్తరంలోనూ రాసేవాడు. అర్థం అడిగితే "అలా రాయాలంతే" అనేవాడు.

నీ మాట ప్రకారం రంగుల పెన్నులు కొనడానికి వెళ్ళాను. కొట్టువాడు "పాపకి ఎన్నేళ్ళండీ?" అన్నాడు. "నలభై ఏడు" అన్నాను. వాడు చిల్లర లెక్కపెట్టడంలో పడ్డాడు. అయితే ఆరు రంగులూ నా చేతికి వచ్చాక ఒకటే రంగయ్యాయి. గ్రీజు చేతులమ్మా. పచ్చ పెన్ను మూత మోటారులో పడింది, దాన్ని తీయడానికి అరపూట పట్టింది.

నాకు తెలిసిన నోట్సు వేరు. లిఫ్టు గొట్టంలో వేలాడుతూ ఒక చెయ్యి కడ్డీకి ఇస్తే, రాయడానికి మిగిలేది ఒకటే చెయ్యి. కాబట్టి పనికి మూడు ముక్కలే రాస్తాను. ఏం జరిగింది, ఏం చేశాను, ఏం తెలీలేదు. మూడోది రాయడానికి మా కుర్రకారుకి నామోషీ. ఆ నామోషీ వల్లే లిఫ్టు మళ్ళీ ఆగుతుంది.

అయినా నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఇంకో నమూనా పంపు. ఇక్కడికి మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం వస్తోంది, ఇంతకంటే రాయలేను.

మావయ్య


అమ్మాయిల హాస్టలు
ఎనిమిది వారాలు

మావయ్యా,

లిఫ్టు బాగుచేసేవాడివి, పద్నాలుగు అంతస్తులు మెట్లెక్కడం ఏమిటి? చెప్పుల కొట్టువాడు ఉత్త కాళ్ళతో తిరిగినట్టుంది.

మొన్న పంపిన కాగితం వెంటనే చించెయ్. ఏడో వాక్యంలో ఒక కొట్టివేత ఉంది, నువ్వు చూసే ఉంటావు, చూసి నవ్వుకునే ఉంటావు. దాన్ని మళ్ళీ రాశాను. ఇది అసలైన నమూనా.

నేను బ్రహ్మాండంగా చదువుతున్నాను. ఇప్పటికే తొమ్మిది పుస్తకాలు నిండాయి. నా గదిలో ఒక ఆవులింతల అమ్మాయి ఉంది. పాఠం మొత్తం పాత కవరు వెనకాల రాసుకుంటుంది. అందులో సగం బాణాలు, మిగతా సగం బొమ్మలు. మొన్న చిన్న పరీక్షలో దానికి ముప్ఫైకి ఇరవై ఆరు వచ్చాయి. కోడిగీతలకి ఇరవై ఆరు! నేను ఆ పరీక్ష రాయలేదులే, ఆ రోజు తలనొప్పి.

పిచ్చుక


మోటారు గది
ఏడు వారాలు

చిరంజీవి పిచ్చుకకు,

నీ విద్య పనిచేసిందమ్మా! పుస్తకం మూసి రాయమన్నావు కదా. మూశాను. బ్రేకుల గురించి నాకేం గుర్తుందో రాద్దామని కూర్చుంటే ఒక్క ముక్కా రాలేదు. ఇరవై రెండేళ్ళుగా బ్రేకులతో కాపురం చేస్తున్నాను, వాటి గురించి రెండు వాక్యాలు రాయలేనా అని పౌరుషం వచ్చింది. తెరిచి చదివి మళ్ళీ మూశాను. మూడోసారికి వచ్చింది. మార్జినులో ప్రశ్నలు రాసుకుని గోడకి అప్పజెప్పుకుంటున్నాను. నిన్న కాపలాదారు తొంగిచూసి, "లోపల ఎవరున్నారు సార్?" అన్నాడు. "గోడ" అన్నాను. వాడిప్పుడు నన్ను చూస్తే పక్కకు తప్పుకుంటున్నాడు.

మా పర్యవేక్షకుడు పెట్టిన పరీక్షలో యాభైకి ముప్ఫై ఒకటి వచ్చాయి. కిందటి నెల పదకొండు.

కాలేయం గురించి నాకిక ఎవరూ చెప్పక్కర్లేదు. గుండె మీద ఏమైనా ఉంటే పంపు. అది ఒక్కోసారి ఎందుకు అంత వేగంగా కొట్టుకుంటుందో ఉంటుందా అందులో? ఊరికే, తెలుసుకుందామని.

మావయ్య


అమ్మాయిల హాస్టలు
ఆరు వారాలు

మావయ్యా,

గుండె తర్వాత. ముందు కాలేయం సరిగ్గా రావాలి. కిందటిసారి పంపినదాంట్లో శీర్షిక కింద గీత కుడివైపు కాస్త దిగింది. ఇది చూడు. పాతవి రెండూ చించేశావా? చించేశానని రాయి.

పిచ్చుక


మోటారు గది
ఆరు వారాలకు రెండు రోజులు తక్కువ

పిచ్చుకా,

చించలేదు. మూడు కాగితాలనూ ఇక్కడ నేల మీద పక్కపక్కన పరిచాను. మొదటిది బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడోది అచ్చుయంత్రంలోంచి తీసినట్టుంది. దాన్ని చూస్తే నాకు భయం వేసింది.

ఒక లిఫ్టు ఊరికే మూడో అంతస్తులోనే ఆగిపోతోందని కబురు వచ్చిందనుకో. కొత్త మెకానిక్కులు వెళ్ళి మూడో అంతస్తు తలుపు తుడిచి, నూనె రాసి, మెరుగుపెట్టి వచ్చేస్తారు. నాలుగు రోజుల్లో మళ్ళీ అక్కడే ఆగుతుంది. తలుపు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. తప్పు తలుపులో లేదమ్మా. కంటికి కనబడని చోట ఇంకెక్కడో ఉంటుంది.

సూటిగా అడుగుతున్నాను. ఆ తొమ్మిది పుస్తకాల్లో ఏముంది? రెండో పాఠం మొదలుపెట్టావా? నిద్రపోతున్నావా?

మావయ్య


అమ్మాయిల హాస్టలు
అయిదు వారాలు

మావయ్య గారికి,

పుస్తకాలు ఎలా రాసుకోవాలో నాకు లిఫ్టులు బాగుచేసేవాళ్ళు చెప్పనవసరం లేదు. నేను కష్టపడి నమూనాలు పంపితే వాటిని నేల మీద పరిచి తప్పులు పట్టడం చాలా బాగుంది. ఇక పంపను. నా చదువు నేను చూసుకోగలను. మీ లిఫ్టులు మీరు చూసుకోండి.

ఇట్లు,
మీ అక్కగారి కూతురు


మోటారు గది
అదే వారం

పిచ్చుకా,

ఇక్కడ "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అని రాసి కొట్టేశాను. కొట్టేసినా నీకు కనబడుతుందని తెలుసు. కొత్త కాగితం తీసుకోబుద్ధి కాలేదు.

నువ్వు పుట్టినప్పటి నుంచీ నన్ను "మీరు" అనలేదు. ఒకేసారి అంత మర్యాద వచ్చేసరికి నాకు తిండి సహించలేదు. నీ చదువు గురించి కాదమ్మా అడిగింది, నీ గురించి. నువ్వు ఏం చెప్పినా కోప్పడను, అక్కకి చెప్పను. ఏం జరుగుతోందో రాయి.

మావయ్య


అమ్మాయిల హాస్టలు
నాలుగు వారాలు

మావయ్యా,

తొమ్మిది పుస్తకాల్లోనూ కాలేయమే.

కూర్చుంటాను, రాస్తాను. ఎక్కడో ఒక అక్షరం వంకర పోతుంది. అది చూశాక ఇక ముందుకి వెళ్ళలేను. మిగతా పేజీ అంతా ఆ అక్షరమే కనబడుతుంది. చించేసి మొదటినుంచి రాస్తాను. నీకు చెప్పిన సూత్రాలన్నీ నిజమే, నేనే ఒక పుస్తకంలో చదివాను, ఎర్ర పెన్నుతో గీతలు కూడా కొట్టాను. ఒక్కటీ చేయలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే. తరగతికి వెళ్ళి మూడు వారాలైంది. పుస్తకం తెరిస్తే చేతులు చల్లబడతాయి. మూడు గంటలు కూడా నిద్ర పట్టడం లేదు. కారణం లేకుండా ఏడుస్తున్నాను, ఆవులింతల అమ్మాయి తనే ఏదో అందేమో అనుకుని రోజూ నాకు క్షమాపణ చెబుతోంది. నాకు పిచ్చెక్కుతోందా మావయ్యా? అమ్మకి తెలిస్తే ఏమంటుంది? "మా అమ్మాయి" అంటూ మొదలుపెట్టకుండా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు ఇన్నేళ్ళుగా.

ఇన్నాళ్ళలో నేను వంక పెట్టకుండా పూర్తిచేసినది ఒకే ఒక్క కాగితం. చదువు మానేస్తున్నానని దరఖాస్తు. ఒక్క కొట్టివేత లేకుండా మొదటిసారికే వచ్చింది, చూశావా విచిత్రం! దాని మీద సంరక్షకుడి సంతకం కావాలి. చేర్చినరోజు అమ్మకి జ్వరం వస్తే నువ్వేగా వచ్చి సంతకం పెట్టావు, కాబట్టి కాలేజీ లెక్కలో ఆ సంరక్షకుడివి నువ్వే. దీంతో జతచేశాను. పరీక్షల ముందురోజు దాకా ఇవ్వచ్చు. సంతకం పెట్టి పంపు. కారణాలు అడగకు.

పిచ్చుక


మోటారు గది
మూడున్నర వారాలు

నా తల్లీ,

సంతకం పెట్టాను. దరఖాస్తు ఈ కవరులోనే ఉంది. అది చూసుకుని తర్వాత చదువు.

ఇప్పుడు నా సంగతి. ఉభయ కుశలోపరి అని రాశానే, అది పచ్చి అబద్ధం. ఉభయుల్లో ఒక్కరం కూడా కుశలంగా లేము. అయిదు నెలల కిందట నేను బాగుచేసిన లిఫ్టులో నేనే ఇరుక్కుపోయాను, ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య, యాభై నిమిషాలు. బయటికి తీసింది ఎవరనుకున్నావు? మా పోటీ కంపెనీ మెకానిక్కు. తీసి, పుస్తకం తెరిచి, "మాస్టారూ, ఫిర్యాదు ఎవరి పేరున రాసుకోమంటారు?" అన్నాడు. అప్పటినుంచి లిఫ్టులో కాలు పెడితే చాలు, గుండె దడదడ, ఒళ్ళంతా చెమటలు, ప్రాణం పోతుందన్నంత భయం. అందుకే మెట్లు. లిఫ్టు మెకానిక్కు లిఫ్టంటే భయపడుతున్నాడని ఎవరితో చెప్పుకోను?

గుండె డాక్టరు దగ్గరికి వెళ్తే "గుండె గుర్రంలా ఉంది, మనసు డాక్టరుకి చూపించండి" అన్నాడు. అక్కడి గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి లోపల కూర్చున్న అమ్మాయి "ఏం కావాలండీ?" అంటే, "మీ లిఫ్టు చూడటానికి వచ్చాను" అన్నాను. "మాది ఒకటే అంతస్తండీ" అంది. ఇక దారి లేక లోపలికి వెళ్ళాను.

ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. ఆ డాక్టరు నన్ను పిచ్చివాడని అనలేదు. దడ వచ్చినప్పుడల్లా రాసుకోమన్నాడు. ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది. ప్రాణం పోతుందనిపించే ఆ భయం ఒక్కసారి కూడా పన్నెండు నిమిషాలు దాటలేదని నా నోట్సే నాకు చెప్పింది. రాయకముందు అది గంటలసేపు ఉంటుందనుకున్నాను.

దరఖాస్తు నీ దగ్గరే ఉంచుకో. వెళ్ళిపోవాలంటే వెళ్ళిపో, అక్కతో నేను మాట్లాడతాను, తిట్లు నేను తింటాను. అయితే అది ఇచ్చేముందు ఒక్కసారి మీ కాలేజీలో మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. షరతు కాదు, బతిమాలుకుంటున్నాను. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు.

మావయ్య


అమ్మాయిల హాస్టలు
రెండున్నర వారాలు

మావయ్యా,

"మాది ఒకటే అంతస్తండీ" దగ్గర పగలబడి నవ్వాను. నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆవులింతల అమ్మాయి భయపడి మంచినీళ్ళు తెచ్చింది. విషయం చెబితే, "నేను తీసుకెళ్తా పద, నాకు ఎలాగూ అక్కడి పెద్ద కుర్చీలో కునుకు తీయాలని ఉంది" అంది. నిజంగానే తీసుకెళ్ళింది, నిజంగానే నిద్రపోయింది.

నోటితో చెప్పలేనేమోనని నా బాధలన్నీ కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. ఆరు రంగుల్లో. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత చక్కగా బాధపడినవాళ్ళు ఇంతవరకు నా దగ్గరికి రాలేదమ్మా" అంది. తర్వాత కాగితం పక్కన పెట్టి, "ఇప్పుడు చూడకుండా చెప్పు" అంది. పుస్తకం మూసి చెప్పమన్నట్టే! చెప్పాను. గంటసేపు చెప్పాను.

నాకు పిచ్చా అని అడిగాను. "ఆందోళన కావచ్చు, దాంతో ఇంకేదైనా కలిసి ఉండవచ్చు. ఇంకో రెండు మూడుసార్లు మాట్లాడితే గానీ చెప్పలేను. జబ్బు పేరు తెలిసేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు, పని మొదలుపెడదాం" అంది. పని ఏమిటంటే, ఇరవై నిమిషాలు గడియారం పెట్టుకుని ఒక్క పేజీ రాయాలి. కొట్టివేయచ్చు, చించకూడదు. గంట మోగగానే పుస్తకం మూసి బయట నడవాలి. నిద్రకి కూడా ఏవో పద్ధతులు చెప్పింది.

మొదటిరోజు చించేశాను. రెండోరోజు సగం చించి మళ్ళీ అతికించాను, దీన్ని ఏ లెక్కలో వేయాలో డాక్టరమ్మకే తెలియలేదు. మూడోరోజు నీ పద్ధతి పట్టుకున్నాను. ఎడమచెయ్యి మంచం కడ్డీకి ఇచ్చి, కుడిచేత్తో మూడు ముక్కలు: పాఠం ఏమంటోంది, నాకేం అర్థమైంది, ఏం తెలీలేదు. ఎడమచెయ్యి ఖాళీగా ఉంటే చించుతుందని దాన్ని అలా కట్టిపడేశాను. కాలేయం ఇరవై నిమిషాల్లో అయిపోయింది మావయ్యా. తొమ్మిది పుస్తకాలు మింగిన కాలేయం! ఆ తర్వాత ఎవరూ చూడకుండా ఏడ్చాను, అది మంచి ఏడుపే.

నువ్వడిగిన గుండె పంపుతున్నాను. పదకొండు కొట్టివేతలు ఉన్నాయి, లెక్కపెట్టకు. అది వేగంగా కొట్టుకున్నంత మాత్రాన ఆగిపోదని రెండో పేరాలో ఉంది.

దరఖాస్తు ఇంకా నా దగ్గరే ఉంది. ఇవ్వనని మాత్రం మాట ఇవ్వలేను. పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా ఉంటుంది.

పిచ్చుక


లిఫ్టు లోపలినుంచి, తొమ్మిదో అంతస్తు
పరీక్షలకు నాలుగు రోజులు

పిచ్చుకా,

పైన చదివావా? లిఫ్టు లోపల కూర్చుని రాస్తున్నాను. తలుపు తెరిచే ఉంచాననుకో, ఎక్కాలనుకున్నవాళ్ళు నన్ను తిట్టుకుంటూ మెట్లవైపు వెళ్తున్నారు. వాళ్ళకీ ఒంటికి మంచిదే.

రాతపరీక్షలో యాభైకి నలభై ఒకటి. చేతిపరీక్షకి పరీక్షకుడితో కలిసి లిఫ్టులో పైదాకా వెళ్ళాలి. నాలుగో అంతస్తులో దడ మొదలైంది. ఇదివరకైతే ఏదో సాకు చెప్పి దిగిపోయేవాడిని. "సార్, నాకు లిఫ్టులో భయం వేస్తుంది. ఏడెనిమిది నిమిషాల్లో పోతుంది. కాస్త ఆగుదామా?" అన్నాను. ఆయన నా వంక చూసి, గడియారం వంక చూసి, నేల మీద చతికిలబడ్డాడు. ఏడు నిమిషాల్లో పోయింది. పాస్ చేశాడు.

నీ గుండె కాగితం చొక్కా జేబులో పెట్టుకున్నాను. నువ్వు పరీక్ష రాసినా, దరఖాస్తు ఇచ్చి బస్సెక్కుదామనుకున్నా, మొదటి పరీక్ష రోజు సాయంత్రం మీ హాస్టలు గేటు దగ్గర ఉంటాను. రెండింట్లో దేనికైనా సరే.

మావయ్య


అమ్మాయిల హాస్టలు
పరీక్షలయ్యాక మూడో రోజు

మావయ్యా,

ఫోన్లు ఇచ్చేశారు. ఆరోజు గేటు దగ్గర నిన్ను చూడగానే ప్రశ్నపత్రం గురించే వాగాను, అసలు సంగతి చెప్పలేదు. అందుకని ఈ ఒక్కటీ ఉత్తరంలోనే రాస్తున్నాను.

దరఖాస్తు పట్టుకుని పరీక్షల ముందురోజు ఆఫీసు గది దాకా వెళ్ళాను. అక్కడ ముగ్గురు వరసలో ఉన్నారు. నా వంతు వచ్చేసరికి, "పొద్దుట వస్తాను" అనేసి వచ్చేశాను. పొద్దుటకి గడువు దాటిపోతుందని తెలిసే అన్నాను. నీ సంతకం ఉంది కాబట్టి వెళ్ళగలనని తెలుసు. వెళ్ళగలనని తెలిశాక ఉండగలనేమో చూద్దామనిపించింది.

నాలుగింట్లో మూడు బాగానే రాశాను. ఒకటి పోతుంది, అందులో పావుగంట చేతులు చల్లబడి అలాగే కూర్చుండిపోయాను. అది మళ్ళీ రాయాలి. రాస్తాను. తప్పితే భూమి బద్దలవుతుందనుకున్నాను, ఏమీ కాలేదు.

ఫోను రాగానే ముందు అమ్మకే చేశాను, నువ్వు చెప్పేలోపు నేనే చెప్పాలని. ఒకటి తప్పుతానని చెప్పాను. తరగతులకి వెళ్ళలేదని చెప్పాను. నాలుగు వారాలుగా మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నానని కూడా చెప్పేసి, ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాను, అరుపులకి సిద్ధపడి.

అరుపులు రాలేదు. లైను తెగిందేమోనని "అమ్మా, అమ్మా" అని రెండుసార్లు పిలిచాను. అప్పుడు అడిగింది, చాలా చిన్న గొంతుతో. మనింట్లో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు మావయ్యా.

"ఆవిడ పెద్దవాళ్ళని కూడా చూస్తుందా?"

మంగళవారం తీసుకెళ్తున్నాను. నువ్వు ఏమీ తెలియనట్టే ఉండు.

పిచ్చుక